వీసా పోకుండా నర్సింగ్ హోమ్ మారడానికి పట్టిన ఎనిమిది నెలలు

ఇంగ్లండ్‌లో లెస్టర్ పక్కన ఒక నర్సింగ్ హోమ్‌లో 2023 మార్చి నుంచి కేరర్‌గా పనిచేశాను. 2025 జులై 14న ఇంకో హోమ్‌లో చేరాను. మారాలని నిర్ణయించుకున్నది 2024 నవంబర్ 9న. మధ్యలో జరిగినవన్నీ తేదీలతో డైరీలో రాసుకున్నాను. స్పాన్సర్‌షిప్ మీద, అంటే వీసా యజమానితో ముడిపడి పనిచేసే మనవాళ్లలో చాలామంది పని నచ్చకపోయినా వీసాకు ఏమవుతుందోనన్న భయంతో అక్కడే ఉండిపోతున్నారు. వాళ్లకు ఉపయోగపడాలని రాస్తున్నాను.

నచ్చకపోవడం అంటే ఏమిటో ముందు లెక్క వేసి చెబుతాను. మా పాత హోమ్‌లో ఒక ఫ్లోర్‌కి 32 మంది రెసిడెంట్లు. పగటి రోటాలో (డ్యూటీల పట్టికలో) ఆరుగురు కేరర్ల పేర్లు ఉంటాయి. వారంలో మూడు నాలుగు రోజులు వచ్చేది నలుగురే. 32 మందిలో 14 మందిని హోయిస్ట్‌తోనే (మనిషిని ఎత్తే యంత్రంతో) లేపాలి, దానికి తప్పనిసరిగా ఇద్దరు ఉండాలి. ఒళ్లు తుడిచి, ప్యాడ్ మార్చి, బట్టలు వేసి, స్లింగ్ (హోయిస్ట్‌కు తగిలించే గుడ్డ) కిందికి జొనిపి కుర్చీలో కూర్చోబెట్టడానికి తొందర పెట్టకుండా చేస్తే ఒక్కొక్కరికి 30 నిమిషాలు పడుతుంది. నలుగురం రెండు జతలుగా విడిపోతే జతకు ఏడుగురు, అంటే మూడున్నర గంటలు. మిగతా 18 మందికి తలా 15 నిమిషాల చొప్పున, నలుగురూ విడివిడిగా చేసినా ఇంకో గంటకు పైనే. 7:45కి మొదలుపెడితే ఆఖరి మనిషిని తయారుచేసేసరికి మధ్యాహ్నం 12:20. బ్రేక్‌ఫాస్ట్ తినిపించడం, టీ ట్రాలీ, కాలింగ్ బెల్‌లు ఇందులో కలపలేదు. 12:30కి లంచ్. అదే ఆరుగురూ వస్తే 11 లోపే అయిపోతుంది.

ఆ ఆఖరి మనిషి రాత్రి వేసిన తడి ప్యాడ్‌తో మధ్యాహ్నం దాకా పడుకుని ఉంటుంది. మనం గదిలోకి వెళ్లగానే ఆవిడే మనకు సారీ చెబుతుంది. ఆ సారీ విన్న రోజుల్లో నాకు రాత్రి అన్నం సహించేది కాదు.

మంచంలోనే ఉండే తొమ్మిది మందికి రెండు గంటలకోసారి పక్క మార్చాలి. లేకపోతే తుంటి దగ్గర, మడమల దగ్గర ముందు ఎర్రబడి, తర్వాత చర్మం చిట్లుతుంది. గాలి పరుపును మనిషి బరువుకు తగ్గట్టు సెట్ చేయకపోయినా అంతే. నలుగురం ఉన్న రోజు ఆ రెండు గంటలు మూడున్నర అయ్యేవి. సాయంత్రం ఆరింటికి చార్ట్‌లో ఖాళీ గళ్లు కనిపిస్తే నింపేయమనేవాళ్లు. నేను మార్చని పక్క మార్చానని రాయలేక, మార్చిన టైమే రాశాను. రెండుసార్లు ఆఫీసుకు పిలిచారు. మారాలన్న నిర్ణయం ఆ రెండోసారి బయటికి వస్తూ తీసుకున్నదే.

చిన్నవిగా కనిపించి మనిషిని అరగదీసేవి ఇంకొన్ని ఉన్నాయి. సోమవారం మొదలయ్యే రోటా శుక్రవారం రాత్రి వచ్చేది. వరుసగా రెండు వారాలకు మించి సెలవు ఇచ్చేవాళ్లు కాదు, అందులో ప్రయాణాలు, జెట్‌ల్యాగ్ పోతే ఇంటి దగ్గర ఉండేది పది రోజులే. అప్పట్లో జబ్బు చేస్తే మొదటి మూడు రోజులకు ఏమీ వచ్చేది కాదు, నాలుగో రోజు నుంచి ప్రభుత్వం నిర్ణయించిన సిక్ పే మాత్రమే, 2025 ఏప్రిల్ నుంచి అది వారానికి 118.75 పౌండ్లు ఉండేది. అందుకే దగ్గుతూ, ముక్కు చీదుతూ కూడా షిఫ్ట్‌కి వచ్చేవాళ్లం. తర్వాత ఆ దగ్గు 80 ఏళ్ల వాళ్లకు అంటుకునేది.

ఖమ్మం నుంచి వచ్చిన ఒక చెల్లి నాతో పనిచేసేది. "అక్కా, ఎక్కడికి పోయినా అదే పని, అదే ప్యాడ్‌లు. గంటకు అరవై పెన్నీల కోసం వీసాతో ఎందుకు పెట్టుకుంటావు?" అంది. జీతం కోసమైతే నేనూ కదిలేదాన్ని కాదు. చేతికింద ఉన్న మనిషికి పని పూర్తిగా చేసి ఇంటికి రావాలి, అదొక్కటే కావాలి నాకు. ఏ హోమ్‌లో అది కుదురుతుందో చేరకముందే తెలుసుకునే దారి ఉందా అని వెతకడంతో మొదలుపెట్టాను.

నవంబర్ రెండో వారంలో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉండే స్పాన్సర్ల (విదేశీ ఉద్యోగులను పెట్టుకోవడానికి లైసెన్స్ ఉన్నవాళ్ల) జాబితా డౌన్‌లోడ్ చేశాను. ప్రతి పనిదినం దాన్ని మారుస్తుంటారు కాబట్టి పాత కాపీని నమ్మకూడదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. బోర్డు మీద హోమ్ పేరు ఒకటి ఉంటుంది, జాబితాలో దాన్ని నడిపే కంపెనీ పేరు ఉంటుంది. హోమ్ పేరుతో వెతికి, లేదనుకుని వదిలేస్తే మంచి చోట్లు పోతాయి. కేర్ హోమ్‌లను తనిఖీ చేసే సీక్యూసీ సైట్‌లో ఆ హోమ్ పేజీ తెరిస్తే ప్రొవైడర్ పేరు కనిపిస్తుంది, దాన్ని స్పాన్సర్ జాబితాలో వెతకాలి. పక్కన 'స్కిల్డ్ వర్కర్' అని, 'ఏ' రేటింగ్ అని ఉండాలి. నేను ఉండే చోటు నుంచి 12 మైళ్ల లోపు 41 హోమ్‌లు చూస్తే లైసెన్స్ ఉన్నవి 17 తేలాయి.

ఆ 17 హోమ్‌ల సీక్యూసీ రిపోర్ట్‌లు కూర్చుని చదివాను, నాలుగు ఆదివారాలు పట్టింది. పైన ఉండే 'గుడ్' అన్న రేటింగ్ చూసి ఆగిపోవద్దు. ముందు తనిఖీ తేదీ చూడాలి. నాలుగేళ్ల కిందటి 'గుడ్' అయితే అప్పటి మేనేజర్ ఇప్పుడు ఉండకపోవచ్చు. తర్వాత 'సేఫ్', 'వెల్-లెడ్' భాగాల్లో స్టాఫ్ చెప్పిన మాటలు చదవాలి. ఎంతమంది రెసిడెంట్లకు ఎంతమంది కేరర్లు ఉండాలో ఇంగ్లండ్‌లో చట్టం అంకె ఏదీ పెట్టలేదు, 'సరిపడా' ఉండాలని మాత్రమే అంటుంది. కాబట్టి ఆ 'సరిపడా' అనేది ఒక్కో హోమ్‌లో ఒక్కో రకం. రిపోర్ట్‌లో "బెల్ కొడితే చాలాసేపు ఎవరూ రారు" అని రెసిడెంట్లు అన్నట్టు ఉంటే అక్కడ ఉదయం ఎలా ఉంటుందో నాకు అర్థమైపోయేది.

డిసెంబర్ 2న 17 చోట్లకీ మెయిల్ పెట్టాను. ఆరుగురు జవాబిచ్చారు. ముగ్గురు "స్పాన్సర్ చేయం" అన్నారు, ఇద్దరు "తర్వాత చూద్దాం" అన్నారు. ఒక హోమ్ మేనేజర్ మాత్రం "ముందు బ్యాంక్ షిఫ్ట్‌లు (అవసరమైనప్పుడు పిలిచే విడి షిఫ్ట్‌లు) చేయండి, మీకూ మాకూ నచ్చితే స్పాన్సర్‌షిప్ సంగతి మాట్లాడదాం" అన్నారు.

మనవాళ్లలో చాలామందికి తెలియని దారి ఇదే. స్పాన్సర్ చేసిన ఉద్యోగం పూర్తి గంటలు చేస్తూనే, ఆ గంటల బయట, వారానికి 20 గంటల లోపు ఇంకో చోట కేరర్‌గా పనిచేయడానికి నా వీసా ఒప్పుకుంటుంది. దీన్ని సప్లిమెంటరీ ఎంప్లాయ్‌మెంట్ అంటారు. దానికి కొత్త వీసా అక్కర్లేదు. కొత్త హోమ్ మాత్రం పాత యజమాని నుంచి ఉత్తరం అడిగింది, నేను అక్కడ ఇంకా పనిచేస్తున్నానని, నా డ్యూటీ ఏమిటని, ఎన్ని గంటలని. ఈ ఉత్తరం అడగ్గానే ఆఫీసులో అనుమానం వస్తుందని పది రోజులు వెనకాడాను. చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, వారాంతంలో ఇంకో చోట కొన్ని గంటలు చేసుకుంటానని. నాలుగు రోజుల్లో ఇచ్చేశారు.

డీబీఎస్ చెక్ (నేర చరిత్ర తనిఖీ) విషయంలో నాకు మూడు వారాలు కలిసొచ్చాయి. 2023లో సర్టిఫికెట్ వచ్చిన 30 రోజుల్లోపే అప్‌డేట్ సర్వీస్‌లో చేరాను. ఏడాదికి 13 పౌండ్లు ఉండేది, 2024 డిసెంబర్ నుంచి 16 అయింది. అందువల్ల కొత్త హోమ్ వాళ్లు ఆన్‌లైన్‌లో అప్పటికప్పుడు చూసుకున్నారు. నాతో పాటు వచ్చిన ఇంకొకామె ఆ 30 రోజుల గడువు దాటనిచ్చింది, మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాల్సి వచ్చింది.

2025 జనవరి 18, శనివారం, అక్కడ మొదటి షిఫ్ట్. ఏప్రిల్ దాకా మొత్తం 13 బ్యాంక్ షిఫ్ట్‌లు చేశాను. రెండో ఉద్యోగానికి 'బీఆర్' ట్యాక్స్ కోడ్ వేస్తారు, మొదటి పౌండ్ నుంచే 20 శాతం కోత. పే స్లిప్ చూసి తప్పు పడిందేమో అనుకున్నాను, అది మామూలేనట. అలసట మాత్రం నిజం. 38 గంటల మీద ఇంకో 11 గంటలు. మార్చిలో రెండు వారాలు మానేశాను, ఎందుకంటే హోయిస్ట్ దగ్గర కళ్లు మూతలు పడుతుంటే అది నా ఒక్కదాని సంగతి కాదు.

ఆ 13 షిఫ్ట్‌లలో నేను చూసినవి చెబుతాను, ఎవరైనా చూడదగ్గవే. ఉదయం ఎనిమిదింటికి ఫ్లోర్ మీద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాను: 28 మంది రెసిడెంట్లకు ఆరుగురు, 13 షిఫ్ట్‌లలో 11 సార్లు ఆరుగురూ వచ్చారు. హోయిస్ట్‌లు రెండు, కాస్త నిలబడగలిగేవాళ్లకు స్టాండ్-ఎయిడ్ ఒకటి, గోడకు చార్జర్ మీద అదనపు బ్యాటరీలు. పాత చోట సగం గొడవలు బ్యాటరీ గురించే, మనిషి గాల్లో ఉండగా అది అయిపోతే ఎమర్జెన్సీ పిడి లాగి మెల్లగా దించాలి, ఆ ముసలి ప్రాణం భయంతో మన మెడ పట్టుకుంటుంది. కొత్త చోట స్లింగ్‌లు ఒక్కొక్కరికి రెండు, పేరు రాసి, వాళ్ల అలమరలోనే. ఒకటి ఉతుకుకు వెళ్తే ఇంకోటి ఉంటుంది. ఒకటే స్లింగ్ ఉన్న చోట ఏం జరుగుతుందంటే, అది లాండ్రీలో ఉన్న రోజు పక్క గది స్లింగ్ తెచ్చి వాడతారు, సైజు కుదరదు, మనిషి జారుతుంది. సైజు పెద్దదైతే జారడం, చిన్నదైతే తొడల దగ్గర ఒరుసుకుపోవడం.

హ్యాండోవర్ (షిఫ్ట్ మారేటప్పుడు వివరాలు అప్పజెప్పడం) 15 నిమిషాలు, ఆ 15 నిమిషాలకూ జీతం. పాత చోట 7:15కే రావాలి, జీతం మాత్రం 7:30 నుంచి. నర్సు మందులు ఇస్తున్నంతసేపు ఆవిడను ఎవరూ పిలవడం లేదు. బ్రేక్‌కి వెళ్లిన మనిషి బదులు సీనియర్ కేరర్ ఫ్లోర్ మీద నిలబడుతోంది కాబట్టి ఎవరి బ్రేక్ వాళ్లకు దక్కుతోంది. రోటా నాలుగు వారాల ముందే గోడ మీద ఉంది. ఒక అబ్బాయి చిక్కదనం పొడి రెండు చెంచాలకు బదులు మూడు వేసేశాడు. మింగడం కష్టమైన వాళ్లకు టీ, నీళ్లు కూడా ఇంత చిక్కగా ఉండాలని లెవెల్ రాసి ఉంటుంది, తక్కువైనా ఎక్కువైనా ప్రమాదమే. నర్సు ఆ గ్లాసు పారబోసి, వాడిని పక్కన నిలబెట్టుకుని కొత్తది కలిపి చూపించింది. అరవలేదు. నేను అక్కడే చేరాలని ఆ రోజు అనుకున్నాను.

ఇవన్నీ ఇంటర్వ్యూలో అడిగి తెలుసుకునేవి కావు. అడగదగ్గ ప్రశ్నలు రెండున్నాయి, నేను అడిగాను: పోయిన నెల ఏజెన్సీ వాళ్లతో ఎన్ని షిఫ్ట్‌లు నింపారు, మీ దగ్గర అయిదేళ్లు దాటిన కేరర్లు ఎంతమంది. జవాబు చెప్పడానికి తడుముకుంటే అదీ ఒక జవాబే.

ఫిబ్రవరి 27న అసలు ఇంటర్వ్యూ, 40 నిమిషాలు. స్నానం వద్దని మొండికేసే డిమెన్షియా మనిషితో ఏం చేస్తారు, తోటి కేరర్ విసురుగా చేయి పట్టి లాగడం చూస్తే ఎవరికి చెబుతారు, ఇలాంటివి. చదువు అయినప్పటి నుంచి ఇప్పటిదాకా చేసిన ఉద్యోగాలన్నీ, మధ్యలో ఖాళీలుంటే కారణాలతో సహా రాసివ్వాలి. ఏలూరులో ఒక ఆసుపత్రి మానేశాక ఐఈఎల్‌టీఎస్‌కు చదువుకున్న ఏడు నెలల గురించి నాలుగు ప్రశ్నలు వేశారు. మార్చి 6న ఆఫర్ లెటర్ వచ్చింది.

ఇక్కడ మొదటి పెద్ద ఆలస్యం. కొత్త వీసాకు యజమాని ఇవ్వాల్సిన స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్, అందరం సీఓఎస్ అనేది, వాళ్ల దగ్గర ఆ ఏటి కోటాలో మిగల్లేదు. ఏప్రిల్ 6న కొత్త కోటా మొదలయ్యాక ఇస్తామన్నారు. ఆరున్నర వారాలు పట్టింది, ఏప్రిల్ 22న చేతికొచ్చింది. ఈ మధ్యలో పాత చోట రాజీనామా అనే మాటే ఎత్తకూడదు. ఎత్తితే ఉద్యోగం పోవచ్చు, వాళ్లు హోమ్ ఆఫీసుకు (వీసాలు చూసే ప్రభుత్వ శాఖకు) తెలియజేస్తే వీసాను 60 రోజులకు కుదించే ఉత్తరం రావచ్చు. ఆఫర్ లెటర్ చూసుకుని మురిసిపోయి నోటీసు ఇచ్చేసినవాళ్లను ఇద్దరిని ఎరుగుదును.

ఆలస్యం వల్ల లెక్కలు రెండు మారాయి. ఏప్రిల్ 9 నుంచి ఇచ్చే సీఓఎస్‌లకు కేరర్ జీతం ఏడాదికి కనీసం 25,000 పౌండ్లు, గంటకు 12.82 ఉండాలని నిబంధన వచ్చింది. పాత చోట అప్పుడు ఇస్తున్నది దేశమంతటికీ వర్తించే కనీస వేతనం 12.21. తేడా 61 పెన్నీలు, నెలకు 160 గంటల మీద దాదాపు 98 పౌండ్లు, పన్నుకు ముందు. రెండోది వీసా ఫీజు, మూడేళ్ల లోపు వీసాకు 284 నుంచి 304 అయింది. హెల్త్ అండ్ కేర్ వీసా కాబట్టి ఆరోగ్య సర్‌చార్జ్ లేదు.

సీఓఎస్‌కు డబ్బు కట్టమని ఎవరైనా అడిగితే అక్కడే ఆగిపోండి. 2024 డిసెంబర్ 31 నుంచి ఇచ్చిన స్కిల్డ్ వర్కర్ సీఓఎస్ ఫీజును యజమాని ఉద్యోగి నుంచి రాబట్టకూడదు. లైసెన్స్ ఖర్చు, స్కిల్స్ చార్జ్ (విదేశీ ఉద్యోగి కోసం యజమాని ప్రభుత్వానికి కట్టేది) కూడా అంతే. మన వాట్సాప్ గ్రూపుల్లో ఏజెంట్లు వేల పౌండ్లు చెబుతున్నారు. నాకు సీఓఎస్ కోసం అయిన ఖర్చు సున్నా.

మే 2, శుక్రవారం, షిఫ్ట్ లేని రోజు చూసుకుని వీసా అప్లికేషన్ నింపాను. గంటా నలభై నిమిషాలు పట్టింది. సీఓఎస్ నంబర్‌తో పాటు స్పాన్సర్ లైసెన్స్ నంబర్, ఉద్యోగం కోడ్ అడుగుతుంది. కేరర్‌ది 6135, సీనియర్ కేరర్‌ది 6136. సీఓఎస్ కాగితంలో ఉన్నది ఉన్నట్టు అంకె కూడా మారకుండా కొట్టాలి. నేను ఈ దేశంలో 12 నెలలు దాటి ఉన్నాను కాబట్టి బ్యాంకులో 1,270 పౌండ్లు చూపించనక్కర్లేదు. టీబీ పరీక్ష అడగలేదు, ఇంగ్లిష్ పరీక్ష మొదటి వీసాలోనే అయిపోయింది. ఐడీ చెక్ యాప్‌తో బీఆర్‌పీ కార్డు (ఇక్కడ ఉండటానికి ఇచ్చిన అనుమతి కార్డు), ముఖం స్కాన్ చేయాలి. కార్డు మీద గడువు 2024 డిసెంబర్ 31తో అయిపోయినట్టు ఉంది, అయినా యాప్ తీసుకుంది. కార్డులో చిప్ మాత్రం ఎనిమిదిసార్లు చదవలేదు. ఫోన్ కవర్ తీసేసి, కార్డును చెక్క బల్ల మీద పెట్టి, ఫోన్‌ను కదలకుండా ఆనిస్తే తొమ్మిదోసారి చదివింది.

గడువు మామూలుగా ఎనిమిది వారాల లోపు. 500 పౌండ్లు కడితే అయిదు పనిదినాల్లో తేలుతుంది. నేను కట్టలేదు. అప్లికేషన్ నడుస్తున్నంతసేపు పాత చోట పని చేసుకోవచ్చు, కొత్త ఉద్యోగం మాత్రం నిర్ణయం వచ్చేదాకా మొదలుపెట్టకూడదు. ఇంకోటి, నిర్ణయం రాకముందు దేశం దాటితే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. మే 19న తెల్లవారుజామున ఫోన్ వచ్చింది, మా పెద్దమ్మ పోయింది. నన్ను పెంచిన మనిషి. టికెట్ ధర చూసి, అప్లికేషన్ పేజీ చూసి, మళ్లీ టికెట్ చూసి ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ రోజు లాంగ్ డే, పన్నెండు గంటల షిఫ్ట్. 19వ గదిలో ఆవిడకు తల దువ్వుతుంటే దువ్వెన ఆగిపోయింది. ఆవిడకు నా పేరు కూడా గుర్తుండదు, నా చేయి మీద చేయి వేసి కాసేపు అలాగే ఉంచింది. ఆ 500 కట్టి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం బాగాలేనివాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోండి.

జూన్ 11న మెయిల్, వీసా వచ్చింది. 40 రోజులు. ఈ-వీసా ఖాతాలో కొత్త వివరాలు కనిపించడానికి ఇంకో మూడు రోజులు పట్టింది, అది కనిపించాకే షేర్ కోడ్ (కొత్త యజమాని నా వీసాను ఆన్‌లైన్‌లో చూసుకునే నంబర్) పంపాలి. మెయిల్ వచ్చిన రోజే నోటీసు ఇచ్చాను, నాలుగు వారాలు. జులై 9 ఆఖరి రోజు.

సీఓఎస్‌లో చేరే తేదీ జూన్ 30 అని ఉంది. నోటీసు వల్ల జులై 14 అయింది. ఇలా ఆలస్యమైతే కొత్త యజమానితో ఆ మార్పును స్పాన్సర్ సిస్టమ్‌లో నమోదు చేయించుకోవడం మంచిది, ఆలస్యం 28 రోజులు దాటకుండా చూసుకోవాలి. నేను హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి, నమోదు చేశామని జవాబు తెప్పించుకుని దాచుకున్నాను.

జూన్ 20న పాత చోటు నుంచి ఉత్తరం, శిక్షణ, స్పాన్సర్‌షిప్ ఖర్చుల కింద 1,850 పౌండ్లు ఇవ్వాలని. కాళ్లు చల్లబడ్డాయి. ఏకాస్ అనే ఉచిత హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ముందు ఏ ఖర్చు ఎంతో విడివిడిగా రాతపూర్వకంగా అడగమన్నారు. పట్టిక వచ్చింది, అందులో స్కిల్స్ చార్జ్ కూడా ఉంది. అది ఉద్యోగి మీద వేయకూడదని రాసి పంపాను. రెండుసార్లు ఉత్తరాలు నడిచాక మిగిలింది 310 పౌండ్లు, నేను సంతకం పెట్టిన ఒప్పందంలో ఉన్న ఒక కోర్సుది. కట్టేశాను. మీ ఒప్పందం కాగితం ఒకటి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, ఆ సమయంలో ఆఫీసులో అడిగితే దొరకదు.

వెళ్లిపోతున్నానని రెసిడెంట్లకు చెప్పడం మాత్రం ఈ ఎనిమిది నెలల్లో అన్నింటికన్నా కష్టం. మాట అర్థమయ్యేవాళ్లకు చెప్పాను. మిగతావాళ్ల కోసం చేతికొచ్చింది చేశాను: ఎవరికి టీలో పంచదార ఎన్ని, ఎవరికి ఎడమ భుజం నొప్పి కాబట్టి చొక్కా ముందు ఆ చేతికి తొడగాలి, ఎవరిని వెనక నుంచి ముట్టుకుంటే ఉలిక్కిపడతారు. కేర్ ప్లాన్‌లో లేని ఇలాంటివన్నీ పదకొండు మంది గురించి రాసి ఖమ్మం చెల్లి చేతిలో పెట్టాను.

జులై 14న కొత్త చోట చేరాను. కేర్ సర్టిఫికెట్ (కేరర్లకు ఇచ్చే ప్రాథమిక శిక్షణ పత్రం) ఉన్నా ఆన్‌లైన్ మాడ్యూళ్లు మళ్లీ చేయమన్నారు, ఆరు గంటలకు జీతం ఇచ్చారు. మూవింగ్ అండ్ హ్యాండ్లింగ్ ఒక రోజంతా ఎదురుగా నిలబడి చేసే శిక్షణ. మనమే స్లింగ్‌లో కూర్చుని పైకి లేవాలి. రెండేళ్లు మనుషుల్ని లేపిన నాకు అందులో కూర్చుంటే కడుపులో ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. తర్వాత మూడు షిఫ్ట్‌లు వేరేవాళ్ల పక్కన నిలబడి చూడటం.

ముందు ఊహించని ఖర్చు బస్సు. ఆదివారం మొదటి బస్సు 8:40కి, షిఫ్ట్ 7:30కి. బ్యాంక్ షిఫ్ట్‌లు చేసినప్పుడు ఒక స్నేహితురాలు దింపేది కాబట్టి ఈ సంగతి తట్టలేదు. మొదటి రెండు ఆదివారాలు టాక్సీకి 14 పౌండ్ల చొప్పున పోయింది, 61 పెన్నీల లాభం అక్కడే కరిగిపోయింది. ఇప్పుడు ఒక నర్సు కారులో, పెట్రోలుకు మూడు పౌండ్లు ఇచ్చి వెళ్తున్నాను. పీ45 (పాత యజమాని ఇచ్చే జీతం, పన్ను వివరాల కాగితం) ఆలస్యంగా రావడంతో మొదటి జీతంలో ఎమర్జెన్సీ ట్యాక్స్ కోడ్ పడింది, తర్వాతి నెలలో సరిపోయింది.

చేరిన మూడో వారంలో నేను చూసుకునే గదిలో ఒకాయన పోయారు. పాత చోట ఎవరైనా పోతే వెనక తలుపు నుంచి తీసుకెళ్లేవారు, రెండు రోజుల్లో ఆ మంచం మీద ఇంకొకరు ఉండేవాళ్లు, మేం బెడ్‌షీట్ మార్చి పక్క గదికి వెళ్లిపోయేవాళ్లం. ఇక్కడ ముందు తలుపు నుంచి తీసుకెళ్లారు. వంటవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు, మేం, లేచి నిలబడగలిగిన రెసిడెంట్లు, అందరం హాల్లో రెండు వరసల్లో నిలబడ్డాం. తర్వాత సీనియర్ నన్ను పిలిచి, "పది నిమిషాలు బయట కూర్చుని రా, నీ బెల్‌లు నేను చూసుకుంటా" అంది. ఆ పది నిమిషాల విలువ ఏ పే స్లిప్‌లోనూ కనిపించదు. మనిషిని పోగొట్టుకున్నామని మన చుట్టూ ఉన్నవాళ్లు ఒప్పుకోవడమే అది.

ఇక్కడా అన్నీ బాగున్నాయని కాదు. ఆగస్టులో సెలవుల సీజన్‌లో రెండు వారాలు నలుగురమే ఉన్నాం, మధ్యాహ్నం దాకా తడి ప్యాడ్ ఇక్కడా చూశాను. తేడా ఏమిటంటే చార్ట్‌లో నిజం టైమ్ రాస్తే ఎవరూ ఆఫీసుకు పిలవలేదు. ఆ చార్ట్‌లు చూసే మేనేజర్ రెండో వారం నుంచి ఉదయం 7 నుంచి 11 దాకా ఒక మనిషిని అదనంగా వేశారు. పన్నెండు గంటల మనిషి దొరకనప్పుడు ఆ నాలుగు గంటల మనిషి సగం కష్టం తీరుస్తుంది.

నేను ఇండియాలో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను. ఇక్కడ నర్సుగా రిజిస్టర్ కావడానికి ఇంగ్లిష్ విషయంలో యజమాని ఇచ్చే సైఫ్ పత్రం కొంతమందికి పనికొస్తుంది. దాని మీద ఎన్ఎంసీలో (ఇక్కడి నర్సుల కౌన్సిల్‌లో) రిజిస్టర్ అయిన మేనేజర్ సంతకం కావాలి, నర్సులు లేని హోమ్‌లో అది కష్టం. ఇక్కడ అడిగితే ఏడాది పూర్తయ్యాక చూస్తామన్నారు. పాత చోట రెండేళ్లూ ఈ మాట అడిగినా జవాబు రాలేదు. నర్సు చదువుకుని కేరర్ పని చేస్తున్నవాళ్ల మనసులో ఉండే బరువు ఇంటి దగ్గరివాళ్లకు అర్థం కాదు, "ఆయా పనికి అంత దూరం పోయావా" అంటారు. కాబట్టి ఈ ప్రశ్న చేరకముందే అడగండి.

మొత్తం ఖర్చు: వీసా 304, పాత చోట కట్టింది 310, డీబీఎస్ అప్‌డేట్ 16, బూట్లు 35, టాక్సీలు 28. కలిపి 693 పౌండ్లు.

అక్టోబర్ 14న మొదటి మూడు నెలల సూపర్‌విజన్, అంటే పని గురించి మేనేజర్‌తో విడిగా మాట్లాడే మీటింగ్. ఏం నచ్చింది, ఏం నచ్చలేదు, ఏం మారాలి అని మూడు ప్రశ్నల కాగితం ఇచ్చారు. మూడో దాంట్లో స్టాండ్-ఎయిడ్ ఇంకోటి కావాలని రాశాను, ఉదయం తొమ్మిదింటికి ముగ్గురు ఒకేసారి దానికోసం ఎదురుచూస్తున్నారని గది నంబర్లతో సహా. మేనేజర్ ఆ గది నంబర్లు తన పుస్తకంలో ఎక్కించుకున్నారు. సెలవు ఫారం కూడా అప్పుడే ఇచ్చాను, జనవరి 5 నుంచి నాలుగు వారాలు. మర్నాడు సాయంత్రానికి సంతకం పెట్టి ఇచ్చారు. సంక్రాంతికి ఊళ్లో ఉంటాను, పెద్దమ్మ ఇంటికి ముందు వెళ్లాలి.